ముళ్లపొద కూడా అమానతే

వేసవి సెలవులు వచ్చినా, పండుగ మరునాడు బంధువులు ఇల్లు నింపినా తిరుపతి పరిసరాల కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళే చోట్లలో శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఒకటి. అందరి నోటా అది ఎస్.వి. జూ పార్కు. వెళ్ళివచ్చిన పిల్లలను ఏమి చూశారని అడిగితే పులి, సింహం, ఎలుగుబంటి, నెమలి అంటూ వేళ్లు మడుస్తారు. ఆ జంతువుల ఆవరణలకు నడుమ, దారికి ఇరువైపులా, కొండ పాదం వరకు పరుచుకుని ఉన్న అడవి సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. పెద్దలను అడిగితే "దారి పొడవునా వట్టి కంపే" అని ఒక్క మాటతో సరిపెడతారు.

ఈ నెల మేము ఆ ‘వట్టి కంప’ను గురించే పాఠక కుటుంబాలతో ముచ్చటించదలచాము. అది వట్టిది కాదు. అది కొన్ని వేల ప్రాణులకు ఇల్లు. అల్లాహ్ సృష్టిలో మన చేతికి అప్పగించబడిన అమానతు. అమానతును గురించి రేపు ప్రశ్న ఉంటుందని నమ్మేవారు దాని విలువను ఈనాడే తెలుసుకోవాలి.

పార్కు కాదు, అడవి

ఈ జంతు ప్రదర్శనశాల 1987 సెప్టెంబరు 29న ఏర్పడింది. దీని విస్తీర్ణం 5,532 ఎకరాలు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం సుమారు 400 ఎకరాలకు లోపేనన్న సంగతి గుర్తుచేసుకుంటే ఇది ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇందులో జంతువుల ఆవరణలు, బాటలు ఆక్రమించిన చోటు కొద్దిపాటిదే. మిగిలినదంతా శేషాచలం కొండల దిగువన సహజంగా పెరిగిన అడవి. సర్కస్‌ల నుండి విడిపించిన సింహాలకు, పులులకు కూడా ఇక్కడి పునరావాస కేంద్రం ఆశ్రయమిచ్చింది.

ఈ ఆవరణను ఆనుకుని పైన ఉన్నది శేషాచలం పర్వతశ్రేణి. అందులో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2010లో ఈ శ్రేణిని శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఊరికి అంచున ఉన్న పార్కు, ఎగువన ఉన్న మహారణ్యం వేర్వేరు కావు. పక్షి గోడను లెక్కచేయదు. గాలికి ఎగిరే విత్తనానికి టిక్కెట్టు లేదు. స్వర్ణముఖి నదికి, కల్యాణి జలాశయానికి నీరు వచ్చేది ఈ కొండల నుండే. తిరుపతిలో కుళాయి తిప్పి వజూ చేసే ప్రతి ఇంటికీ ఈ అడవితో సంబంధముంది.

ముళ్లు ఎందుకున్నాయి?

రాయలసీమ అడవి కోనసీమ తోటలా పచ్చగా కనిపించదు. మాఘ ఫాల్గుణాల్లో ఆకులు రాల్చి మోడువారినట్లు నిలబడుతుంది. తెలియనివారు అది చచ్చిన అడవి అనుకుంటారు. ఆకు ద్వారా పోయే నీటిని మిగుల్చుకుని ఎండాకాలాన్ని దాటడానికి చెట్టుకు ఇవ్వబడిన ఉపాయమది. తొలకరి చినుకులకే ఆ మోడులన్నీ చిగురిస్తాయి. రాలిన ఆకులు కుళ్లి నేలకు బలమవుతాయి. ఆ ఆకుల కింద పురుగులు, పురుగుల కోసం పక్షులు, తొండలు, ముంగిసలు చేరుతాయి.

ముళ్లకు కూడా పని ఉంది. కలివి, రేగు, బలుసు, పరికి, చండ్ర, తుమ్మ వంటి ముళ్లజాతులు పశువు నోటికి తేలికగా అందవు. అందువల్ల వాటి గుబురులో పిట్ట గూడు కట్టుకుంటుంది. పాము, పిల్లి అంత సులువుగా ఆ గూటిని చేరలేవు. ఆ పొదల నీడలోనే, మేక నోటికి అందకుండా, పెద్ద చెట్ల మొలకలు నాలుగాకులు వేసుకుంటాయి. పొదను నరికి చదును చేసిన చోట రేపటి చెట్టు కూడా ఉండదు. కలివిపండు, రేగుపండు, బలుసుపండు నక్క మొదలు పికిలిపిట్ట వరకు ఎన్నింటికో ఆహారం. తిన్న ప్రాణి ఆ గింజలను మరోచోట విడుస్తుంది. అడవి తనను తాను నాటుకునే విధానమది.

బ్రతికి ఉంటే బలుసాకు తినవచ్చునన్న సామెత మన పెద్దలు ఊరకే చెప్పలేదు. కరువు కాలంలో మనిషి ప్రాణాన్ని నిలిపిన ఆకు ఈ ముళ్లపొదలదే. కరువు ఎరిగిన సీమవాసులకు ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు.

ముళ్లపొద విలువకు పొరుగునే మరొక తార్కాణముంది. కడప జిల్లా లంకమల ప్రాంతంలో కలివికోడి అనే పక్షి ఉండేది. కలివి పొదల నడుమ తిరిగేది కనుక దానికి ఆ పేరు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించకపోవడంతో భూమిమీద నుండి అంతరించిందని పండితులు నిర్ణయించారు. 1986 జనవరిలో అది తిరిగి కనిపించింది. దాన్ని ముందుగా పట్టి చూపినవాడు స్థానికంగా పిట్టలు పట్టుకునే ఒక సామాన్యుడు. ఆ పక్షి ఉండే కంపపొదల కోసం లంకమల అభయారణ్యమైంది, తెలుగుగంగ కాలువ దారి మారింది. ఎందుకూ పనికిరాదని మనిషి కొట్టిపారేసిన నేలలోనే ప్రపంచంలో మరెక్కడా లేని ప్రాణి దాగి ఉంది.

ఈ కొండల ప్రత్యేక నివాసులు

శేషాచలం పేరు చెప్పగానే గుర్తుకువచ్చేది ఎర్రచందనం. దక్షిణ తూర్పు కనుమల్లో, ప్రధానంగా చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం ప్రాంతాల్లో తప్ప సహజంగా ప్రపంచంలో మరెక్కడా పెరగని చెట్టు ఇది. లోతులేని రాతినేలలో, తక్కువ నీటితో, ఎంతో నెమ్మదిగా ఎదుగుతుంది. దీని కాయ చుట్టూ రెక్కలాంటి పలుచని అంచు ఉంటుంది. గాలి ఆ కాయను మోసుకుపోయి దూరాన వదులుతుంది. కాండం నడుమ ఎర్రని చేవ తయారుకావడానికి దశాబ్దాలు పడుతుంది. తాత కాలంలో మొలిచిన చెట్టును మనవడి కాలంలో ఒక్క రాత్రిలో పడగొట్టవచ్చు.

ఎర్రచందనానికి తోడు తెల్లకరక, మొగినేరేడు, జాలారి, కొండసాంబ్రాణి వంటి అరుదైన చెట్లు ఈ శ్రేణిలో ఉన్నాయి. ఈతచెట్టును పోలి ఉండే పెరిత అనే మొక్క అతి ప్రాచీన జాతికి చెందినది. దీని అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన నిషేధముంది.

చిన్న ప్రాణుల సంగతి మరింత ఆశ్చర్యకరం. రాళ్ల సందుల్లో, నీటి చెమ్మ ఉన్నచోట బంగారు బల్లి నివసిస్తుంది. మగబల్లి ఒళ్లు పసిడి వన్నెలో ఉంటుంది. ఆడబల్లులు గుడ్లను ఒకే చోట రాతికి అతికించి పెడతాయి. బండలను పగలగొడితే వాటి తరాలే పోతాయి. పసుపు గొంతు పికిలిపిట్ట కూడా ఇటువంటి రాతికొండల పొదలనే ఆశ్రయిస్తుంది.

దేవాంగపిల్లి మరొక మూగజీవి. పెద్ద కన్నులు, సన్నని కాళ్లుచేతులు గల ఈ ప్రాణి రాత్రివేళ పురుగులను ఏరుకుని తింటుంది. అది కోతిలా దూకలేదు. ఒక కొమ్మను విడిచేలోగా మరొక కొమ్మను పట్టుకోవాలి. కనుక పొదలు, కొమ్మలు ఒకదానినొకటి తాకుతూ ఉంటేనే దానికి దారి ఉంటుంది. మనం బాట కోసం పది గజాల వెడల్పున కంప కొడితే, అది మనకు పది గజాలే, దానికి మాత్రం తెగిపోయిన ప్రపంచం. ఇది చాలదన్నట్లు చేతబడులకు, మందులకు పనికివస్తుందన్న మూఢనమ్మకంతో కొందరు దీన్ని పట్టి హింసిస్తారు. చేతబడిని మహాపాపాల్లో లెక్కించిన ధర్మాన్ని అనుసరించేవారి ఇళ్లలో ఇటువంటి మాటలకు చోటుండకూడదు.

మదీనా చూపిన మార్గం

భూమిపై సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా తెలియజేస్తోంది. సముదాయమన్న తరువాత దానికి ఇల్లు కావాలి, ఆహారం కావాలి, సంతానాన్ని పెంచుకునే చోటు కావాలి. ఒక ప్రయాణంలో అనుచరులు ఒక చిన్న పిట్ట పిల్లలను తీసుకున్నప్పుడు తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అది చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇవ్వవలసిందిగా ఆదేశించారు. ఆ ఉల్లేఖనంలోనే మరొక విషయం కూడా ఉంది. చీమలపుట్టను కాల్చివేయడాన్ని గమనించి, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పును సృష్టించిన ప్రభువుకే ఉందని వారు హెచ్చరించారు. ఎండుటడవిలో ఆరని బీడీముక్కను విసిరేవారు ఈ హెచ్చరికను తలచుకోవాలి. 2014 మార్చిలో శేషాచలంలో చెలరేగిన మంటలను అదుపు చేయడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ మంటల్లో మాడిన పుట్టలెన్నో, గూళ్లెన్నో లెక్కపెట్టినవారు లేరు.

అభయారణ్యమన్న భావన ముస్లిములకు కొత్తది కాదు. దైవప్రవక్త (స) మదీనా పరిసరాలను పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడి చెట్లను నరకరాదని, జంతువులను వేటాడరాదని శాసించారు. మదీనాలో జింకలు మేస్తూ కనిపించినా తాను వాటిని బెదరగొట్టనని హజ్రత్ అబూహురైరా (రజి) చెప్పేవారు. దీనితోపాటు ‘హిమా’ అనే ఏర్పాటు కూడా ఉండేది. సమాజ ప్రయోజనం కోసం కొంత మేతభూమిని కాపాడి ఉంచడమే హిమా. ఇస్లాంకు పూర్వం బలవంతులు తమ స్వార్థానికి భూమిని ఇలా కంచె వేసుకునేవారు. దైవప్రవక్త (స) ఆ దురాచారాన్ని తొలగించి, హిమాను అందరి మేలుకు మాత్రమే పరిమితం చేశారు.

హజ్రత్ ఉమర్ (రజి) తన పరిపాలనలో హిమాకు కాపలాగా హునై అనే సేవకుణ్ణి నియమించినప్పుడు చేసిన హితబోధ మననం చేయదగినది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గల పేదలను లోనికి రానివ్వమని, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ (రజి) వంటి సంపన్నుల మందలను మాత్రం రానివ్వవద్దని ఆయన చెప్పారు. మంద పోయినా సంపన్నులకు తోటలుంటాయి, పేదకు దిక్కు ఉండదన్నది ఆయన ఆలోచన. ప్రకృతిని కాపాడడం, పేదకు న్యాయం చేయడం రెండూ ఒకే ఆజ్ఞలో ఇమిడి ఉన్నాయి. లెబనాన్ వంటి దేశాల్లో ఈ హిమా పద్ధతిని ఇటీవలి దశాబ్దాల్లో పక్షుల సంరక్షణకు పునరుద్ధరించారు.

ఎర్ర దుంగ, నల్ల సంపాదన

ఇక చెప్పక తప్పని చేదు విషయానికి వద్దాము. ఎర్రచందనం దొంగరవాణా ఈ ప్రాంతపు యువకులకు వలగా మారింది. ఒక్క రాత్రి బండి నడిపితే చాలునని, దారి చూపితే చాలునని ఆశచూపేవారు ఉన్నారు. లాభం ఎక్కడో ఉన్న వ్యాపారి పెట్టెలో చేరుతుంది. జైలు, తూటా గొడ్డలి పట్టినవాడి వంతు అవుతాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. వారు చెట్లు కొట్టడానికి వచ్చిన కూలీలని పోలీసులు అన్నారు. ఆ కాల్పుల తీరుపై అప్పుడే తీవ్రమైన ప్రశ్నలు లేచాయి. న్యాయాన్యాయాల మాట ఎలా ఉన్నా, ఆ 20 ఇళ్లలో దీపం ఆరిపోయింది.

"అడవి ఎవరి సొత్తు? దేవుడిచ్చిన చెట్టే కదా" అని వాదించేవారు ఉన్నారు. అందరిదైన సొత్తు ఎవరిదీ కాని సొత్తు అనుకోవడం పొరపాటు. ఖైబర్ నుండి మరలుతున్నప్పుడు ఒక సేవకుడు బాణం తగిలి మరణించాడు. అతనికి స్వర్గం శుభప్రదమని జనం అన్నారు. అందరికీ పంచవలసిన సొమ్ములో నుండి, పంపకానికి ముందే అతను తీసుకున్న దుప్పటి అతనిపై అగ్నియై మండుతోందని దైవప్రవక్త (స) తెలియజేశారు. అది విని ఒకరు చెప్పుతాడును కూడా తెచ్చి అప్పగించారు. ఒక దుప్పటి విషయమే ఇంత తీవ్రమైనదైతే, తరతరాల సమష్టి సంపదయైన వృక్షాన్ని దొంగిలించి తెచ్చిన డబ్బుతో ఇంట్లో వండిన అన్నం ఎటువంటిదో తల్లిదండ్రులు ఆలోచించాలి. కుమారుడు ఉన్నట్టుండి కొత్త బండి, ఖరీదైన ఫోను తెస్తే సంతోషించడం కన్నా ముందు, నాయనా ఇది ఎక్కడిదని అడగడం తల్లి హక్కు, బాధ్యత కూడా. అదే సమయంలో ఆ కుమారుడికి హలాల్ ఉపాధి చూపడం జమాఅత్ పెద్దల బాధ్యత. ఉమర్ (రజి) పేదను హిమా బయటకు నెట్టలేదన్న సంగతి మరువరాదు.

దయ పేరుతో జరిగే హాని

గొడ్డలి పట్టనివారు కూడా అడవికి హాని చేయగలరు. కోతికి చిప్స్, జింకకు బిస్కెట్టు పెట్టడాన్ని పిల్లలు పుణ్యమని భావిస్తారు. దప్పికతో ఉన్న కుక్కకు నీరు పోసిన వ్యక్తికి క్షమాపణ లభించిందన్న హదీసును మనమే వారికి బోధించాము. అయితే ఆ కుక్క దప్పికతో అలమటిస్తోంది. పార్కులోని జంతువుకు వేళకు తిండి పెట్టేవారున్నారు, అడవి జంతువుకు అడవే పెడుతుంది. ఉప్పు, నూనె, చక్కెర వాటి కడుపుకు విషం. తిండికి అలవాటుపడిన కోతి రేపు పసివాడి చేతిలోనిది లాక్కుంటుంది. పారవేసిన అన్నానికి కుక్కలు, పందులు చేరితే, వాటికోసం చిరుత దిగివస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పసిపాప చిరుతకు బలైన దుర్ఘటన ఇంకా అందరి మనసుల్లో ఉంది. ఆ తరువాత బోనుల్లో చిక్కిన చిరుతలను ఈ జూ పార్కుకే తరలించారు. అడవికి, ఊరికి నడుమ గీత చెరిగినప్పుడు నష్టం ఇరువైపులా ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ఇదే పార్కులో సింహపు ఆవరణలోకి దూకిన సందర్శకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. జంతువుకు దూరం పాటించడం దానికి మనమిచ్చే గౌరవం.

ఇంటినుండే ఆరంభం

ఈసారి పార్కుకు వెళ్ళే కుటుంబాలకు మా సూచనలు కొన్ని. ఉదయాన్నే వెళ్ళండి, పక్షులు కనిపించేది అప్పుడే. పులిని చూపినట్లే పిల్లలకు ఐదు చెట్లను చూపి పేర్లు నేర్పండి. రేగు, తుమ్మ, వేప, కానుగ, ఎర్రచందనంతో మొదలుపెట్టవచ్చు. చెదపుట్ట దగ్గర ఒక నిమిషం ఆగి, దానిలోని చెదపురుగులు ఎలుగుబంటికి ఆహారమని చెప్పండి. తెచ్చుకున్న భోజనంలో మిగిలినది, ప్రతి సంచి, ప్రతి సీసా ఇంటికి తిరిగి తెచ్చుకోండి. దారిలో నుండి బాధ కలిగించేదాన్ని తొలగించడం విశ్వాసంలో ఒక భాగమన్నారు దైవప్రవక్త (స). జింక గొంతులో చిక్కుకోగల పాలిథిన్ సంచి అటువంటిదే కదా.

రామచిలుకలను, అడవి పిట్టలను సంతలో కొని పంజరంలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కొనేవారు లేకపోతే వల వేసేవారు ఉండరు.

మసీదు, మద్రసా, ఈద్‌గాహ్, ఖబరస్తాన్‌ల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. శుభ్రం చేయించే పేరిట జేసీబీతో ఖబరస్తాన్‌ను ఒకేసారి చదును చేయించకండి. పరాయి నేలల నుండి వచ్చి అన్నింటినీ కమ్మేసే సర్కారు తుమ్మను, వయ్యారిభామను తొలగించండి. ఆ మధ్య ఉన్న రేగును, బలుసును, వేపను మిగల్చండి. నడవడానికి బాట చేసుకుని, అంచున పొదలను వదిలినా చాలు. ఈద్‌గాహ్ చుట్టూ అందానికి పెంచే విదేశీ మొక్కలకు బదులు నేరేడు, కానుగ, చింత నాటండి. వజూఖానా నీరు కాలువపాలు కాకుండా వాటి పాదులకు మళ్లించండి. ఎండాకాలంలో మిద్దెమీద మట్టి మూకుడులో నీరు పెట్టి, రోజూ కడిగి నింపే పనిని ఇంట్లోని చిన్నపిల్లలకు అప్పగించండి.

ఒక విశ్వాసి నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతని పక్షాన సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ప్రళయం ముంచుకువస్తున్న వేళ చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటమని కూడా బోధించారు. నాటడంలో ఇంత పుణ్యమున్నప్పుడు, అల్లాహ్ స్వయంగా మొలిపించిన దాన్ని నిలిపి ఉంచడంలో పుణ్యం తక్కువ కాబోదు. ఎవరూ నీరు పోయకుండా, ఎవరూ ఎరువు వేయకుండా ఈ రాతినేలలో అది పెరుగుతోంది. మన నుండి అది కోరేదల్లా చేయి అడ్డుపెట్టకుండా ఉండడమే. ఆ కాస్త సంయమనాన్ని అల్లాహ్ మనందరికీ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.